మందులకు లొంగని ఆస్పత్రి ఇన్‌ఫెక్షన్లు: శాతాల కింద ఉండాల్సిన లెక్క

బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి లేత గడ్డి రంగు అగార్ ప్లేటు మీద ముందురోజు సాయంత్రం పెట్టిన కాగితపు బిళ్లల చుట్టూ మర్నాడు ఉదయానికి గుండ్రటి ఖాళీలు కనిపించాలి. రోగి రక్తంలో నుంచో, వెంటిలేటర్ గొట్టంలో నుంచి లాగిన కఫంలో నుంచో పెంచిన బ్యాక్టీరియాను ఆ ప్లేటంతా పలచగా పులిమి, ఒక్కో యాంటీబయాటిక్ పట్టించిన బిళ్లలను ఎడంఎడంగా అమర్చి, 35 డిగ్రీల వేడిలో 16 నుంచి 18 గంటలు ఉంచుతారు. మందు పనిచేసినంత మేర బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగదు. ఆ ఖాళీ వ్యాసాన్ని ల్యాబ్ టెక్నీషియన్ స్కేలుతో కొలిచి రిజిస్టరులో వేస్తారు. ఆస్పత్రుల్లో తరచు కనిపించే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా విషయంలో, తీవ్ర ఇన్‌ఫెక్షన్లకు వాడే యాంటీబయాటిక్ మెరోపెనెమ్ బిళ్ల చుట్టూ 23 మిల్లీమీటర్లు, అంతకు మించి ఖాళీ ఉంటే మందు పనిచేస్తుందని, 19 లేదా అంతకు తక్కువైతే బ్యాక్టీరియా లొంగలేదని మన ల్యాబులు ఎక్కువగా అనుసరించే అమెరికా ప్రమాణాల పట్టిక చెబుతుంది. ఖాళీ అనేదే లేకుండా బ్యాక్టీరియా బిళ్ల అంచు దాకా పెరిగిపోతే మాత్రం రిజిస్టరులో సున్నా వేయరు, 6 వేస్తారు. బిళ్ల వ్యాసమే 6 మిల్లీమీటర్లు కాబట్టి.

ఆ 6తో సహా, లొంగలేదని చెప్పే అంకెలు ఎన్ని వచ్చాయో ఏడాది చివర లెక్కిస్తే ఒక శాతం వస్తుంది. ఫలానా ఆస్పత్రిలో క్లెబ్సియెల్లా ఇంత శాతం మెరోపెనెమ్‌కు లొంగడం లేదన్న వాక్యం థీసిస్‌లోకి, అక్కడి నుంచి పత్రికల్లోకి వెళుతుంది. ఆస్పత్రుల్లో సోకే మొండి ఇన్‌ఫెక్షన్ల మీద గుంటూరు, విజయవాడ లాంటి నగరాల్లో జరగవలసిన పరిశోధనకు ఈ శాతం ఆరంభం మాత్రమే. ఆస్పత్రి వల్ల ఎందరికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది, అది ఎలా వచ్చింది, నిరుటితో పోలిస్తే తగ్గిందా పెరిగిందా అన్న మూడు ప్రశ్నల్లో దేనికీ ఇందులో జవాబు ఉండదు. జవాబు ఉండాల్సిన లెక్క ప్లేటు మీద కాకుండా వార్డులో, నర్సు చేతిలోని రిజిస్టరులో మొదలవుతుంది.

ముందుగా ఒక మాట సరిచేసుకోవాలి. మందు పనిచేయకపోతే ‘ఒంటికి అలవాటైపోయింది’ అనడం మన దగ్గర పరిపాటి. పత్రికల్లో కనిపించే ‘నిరోధకత’ అన్న మాట కూడా ‘రోగనిరోధక శక్తి’ని గుర్తుకు తెచ్చి ఈ అపోహకు ఊతమిస్తోంది. అలవాటుపడింది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. అందుకే జీవితంలో ఎన్నడూ యాంటీబయాటిక్ మింగని మనిషికి కూడా పక్క మంచం మీది రోగి నుంచి మొండి బ్యాక్టీరియా నేరుగా రావచ్చు.

ఇక శాతం సంగతి. ఒక ఆస్పత్రి ల్యాబులో ఏడాదికి వంద క్లెబ్సియెల్లాలు దొరికి, వాటిలో డెబ్బై లొంగనివిగా తేలాయని ఊహించుకుందాం. ఆ వందా వంద మంది రోగుల నుంచి వచ్చినవేనా? ఐసీయూలో నెలరోజులు ఉన్న ఒకే రోగి నమూనాను ఆరుసార్లు కల్చర్‌కు, అంటే బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు, పంపితే, ఆరుసార్లూ అదే మొండి క్లెబ్సియెల్లా పెరిగితే, లెక్కలో అది ఆరుగురిలా కనబడుతుంది. అందుకే ఏ బ్యాక్టీరియాపై ఏ మందు ఎంత శాతం పనిచేస్తోందో చూపిస్తూ ఆస్పత్రి ఏటా వేసే పట్టిక, యాంటీబయోగ్రామ్‌లో ఒక రోగి నుంచి ఒక జాతి బ్యాక్టీరియాకు మొదటి నమూనానే లెక్కించాలని, కనీసం 30 నమూనాలు లేని జాతికి శాతం కట్టకూడదని నియమం పెట్టారు. ఇంతకంటే లోతైన చిక్కు మరొకటుంది. కల్చర్‌కు నమూనా ఎప్పుడు పంపుతున్నారు? జ్వరం రాగానే, తొలి డోసు పడకముందే రెండు చేతుల నుంచి, ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల చొప్పున రక్తం తీసి పంపాలన్నది పాఠం. మొదటి మందు, రెండో మందు వేసి చూసి, రెండూ పనిచేయనప్పుడు కల్చర్ గుర్తుకు రావడం అలవాటు. అలాంటి చోట ల్యాబుకు చేరేవి మందులు ఓడిపోయిన కేసులే గనుక శాతం దానంతటదే ఎక్కువ చూపిస్తుంది. అది అబద్ధం కాదు గాని, ఆ వార్డులో అడుగుపెట్టిన రోగులందరి గురించి చెప్పే మాటా కాదు.

ఈ ప్రాంతంలో రోగి ఆస్పత్రికి చేరే దారి ఈ చిక్కును మరింత బిగిస్తుంది. విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట వీధులు నర్సింగ్‌హోములతో, స్కానింగ్ కేంద్రాలతో, మందుల షాపులతో నిండి ఉంటాయి. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి, కృష్ణా డెల్టా పల్లెల నుంచి వచ్చే రోగి ఇక్కడికి నేరుగా రాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు రోజులు ఇంజెక్షన్లు, సెలైన్లు అయ్యాక నరసరావుపేటలోనో తెనాలిలోనో నాలుగు రోజులు ఉంటాడు. అక్కడా తగ్గకపోతే గుంటూరు ప్రైవేటు ఆస్పత్రిలో ఐసీయూ, చేతిలో డబ్బు అయిపోయాక జీజీహెచ్, అంటే ప్రభుత్వ పెద్దాస్పత్రి. ఇది అందరి కథా కాకపోయినా, విన్నవాళ్లెవరికీ కొత్త అనిపించని కథ.

ఆస్పత్రిలో సోకిన ఇన్‌ఫెక్షన్ అని దేనిని అనాలన్న నిర్వచనం ఇక్కడే పరీక్షకు నిలబడుతుంది. చేరిన 48 గంటల తరువాత మొదలైనదాన్ని ఆస్పత్రి ఇన్‌ఫెక్షన్‌గా తీసుకోవడం వాడుక. చేరిన రోజును ఒకటిగా లెక్కపెట్టి, మూడో రోజున గాని ఆ తరువాత గాని లక్షణాలు మొదలైతే ఆస్పత్రి ఖాతాలో వేయాలని నిఘా నిర్వచనాలు చెబుతాయి. ఆపరేషన్ గాయానికైతే 30 రోజుల దాకా, ఒంట్లో ఇంప్లాంటు పెడితే 90 రోజుల దాకా గమనించాలి. మాచర్ల దగ్గరి ఒక పల్లెలో ట్రాక్టరు బోల్తాపడి కాలు విరిగిన మనిషిని తీసుకుందాం. ఒక ఆస్పత్రిలో రాడ్డు వేశారు, పదో రోజున ఇంటికి పంపారు, ఇరవయ్యో రోజున కుట్ల దగ్గర చీము కారడం మొదలైంది. అతను ఆపరేషన్ చేసిన చోటికి తిరిగి వెళ్లకుండా మరో ఊళ్లో కట్టు కట్టించుకుంటే ఆ ఇన్‌ఫెక్షన్ ఎవరి లెక్కలోకీ రాదు. అలాగే ఒక ఐసీయూ నుంచి మరో ఐసీయూకు మార్చిన రోజున గాని మర్నాడు గాని ఇన్‌ఫెక్షన్ బయటపడితే, దాన్ని పంపిన చోటి ఖాతాలో వేయాలన్న నియమం ఉంది. నియమం న్యాయమైనదే. పంపిన ఆస్పత్రికి ఆ సంగతి తిరిగి చేర్చే దారి లేనప్పుడు మాత్రం అది కాగితం మీది న్యాయంగానే మిగిలిపోతుంది.

చేర్చుకునేటప్పుడే రోగి పేగుల్లో మొండి బ్యాక్టీరియా ఉందో లేదో మలద్వారపు స్వాబ్‌తో చూడటం దీనికి ఒక పరిష్కారం. తొలిరోజు స్వాబ్‌లో లేని బ్యాక్టీరియా ఏడో రోజు స్వాబ్‌లో దొరికితే అది ఈ గోడల మధ్య వచ్చిందని చెప్పడానికి ఆధారం ఉంటుంది. తొలిరోజే ఉంటే, రోగికి జబ్బు లక్షణాలేవీ లేకపోయినా, అతన్ని చూసుకునే పద్ధతి మారుతుంది. బ్యాక్టీరియా ఒంటి మీద మకాం వేయడం వేరు, జబ్బు చేయడం వేరు అన్న తేడా కూడా ఈ పనిలో తప్పదు. వెంటిలేటర్ గొట్టంలోని కఫంలో ఐసీయూల్లోని మరో మొండి బ్యాక్టీరియా అసినెటోబాక్టర్ పెరిగిందని రిపోర్టు రాగానే న్యుమోనియా అనేయకూడదు. మిల్లీలీటరుకు లక్ష దాకా బ్యాక్టీరియా ఉందా, ఎక్స్‌రేలో కొత్త మచ్చ కనిపించిందా, ఆక్సిజన్ అవసరం పెరిగిందా అని కలిపి చూడాలి. లేకపోతే గొట్టానికి పట్టిన బ్యాక్టీరియా కోసం, మిగతా మందులు పనిచేయనప్పుడు వాడే కోలిస్టిన్‌ను రోగికి ఎక్కించినట్లవుతుంది.

ఈ జిల్లాల్లో పరిశోధకులకు ఒక ప్రత్యేకమైన, విచారకరమైన రోగుల సమూహం ఉంది. పత్తి, మిర్చి పండే ప్రాంతం కావడం వల్ల ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల విషప్రభావంతో వచ్చే కేసులు ఇక్కడి ఎమర్జెన్సీ వార్డులకు నిత్యానుభవం. వీరిలో చాలామంది అప్పటివరకు ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్లు. షుగరు, కిడ్నీ జబ్బు, పాత ఆస్పత్రి చేరికలు చాలామందికి ఉండవు. విషం ఒంట్లోకి వెళ్లిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి ఊపిరి తీసే కండరాలు బలహీనపడి వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉండాల్సి వస్తుంది. విషం నుంచి తేరుకున్న మనిషి వెంటిలేటర్ న్యుమోనియాతో పోవడం ఈ వార్డుల్లో పనిచేసే డాక్టర్లను ఎక్కువగా కుంగదీసే సంగతి. వేరే జబ్బుల కలగాపులగం లేకపోవడం, గొట్టం వేసిన తేదీ గంటతో సహా తెలియడం, మొదటిరోజు ఊపిరితిత్తులు సాధారణంగా శుభ్రంగా ఉండటం వల్ల, మొండి బ్యాక్టీరియా ఎన్నో రోజున ఎలా చేరుతుందో చూడటానికి ఇంతకంటే స్పష్టమైన సమూహం దొరకదు. ఊపిరితిత్తుల్లోకి వాంతి పోయిన కేసులను మాత్రం విడిగా ఉంచాలి. గుంటూరులో జరగదగిన పరిశోధనల్లో అన్నిటికంటే ముందుండాల్సింది ఇదే.

ఇప్పుడు నర్సు రిజిస్టరు సంగతి. రోజూ ఒకే వేళకు, ఉదయం ఎనిమిదికి డ్యూటీ మారేటప్పుడు అనుకుందాం, ఇన్‌ఛార్జి సిస్టర్ మంచం నుంచి మంచానికి నడుస్తూ మూడు గడుల్లో గీతలు పెడుతుంది: వెంటిలేటర్ మీద ఎందరు, పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం (సెంట్రల్ లైన్) ఎందరికి, యూరిన్ పైపు ఎందరికి. నెలాఖరున ఆ గీతలు కూడితే పరికరాల రోజులు వస్తాయి. ఒక నెలలో సగటున రోజుకు ఎనిమిది మంది వెంటిలేటర్ మీద ఉంటే 30 రోజులకు 240 వెంటిలేటర్ రోజులు. ఆ నెల ముగ్గురికి న్యుమోనియా వస్తే వెయ్యి వెంటిలేటర్ రోజులకు 12.5. తరువాతి నెల రోగుల రద్దీ తగ్గి 120 వెంటిలేటర్ రోజులే నమోదై ఇద్దరికి వస్తే, కేసులు మూడు నుంచి రెండుకు తగ్గాయని వార్డు సంతోషిస్తుంది గాని రేటు 16.7కు పెరిగింది. ప్లేటు మీది శాతం ఈ తేడాను ఎన్నటికీ పట్టుకోలేదు. ఈ లెక్కకు యంత్రం అక్కరలేదు, ఒక పెన్ను, రోజుకు పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలే కష్టం. ఒక్క వెంటిలేటర్ రోగిని చూసుకోవాల్సిన నర్సు ముగ్గురిని, నలుగురిని చూసుకునే రాత్రుల్లో మొదట ఆగేది ఈ గీతలే. చేతులు కడుక్కోవడం ఆగేదీ అప్పుడే.

ప్లేటు తరువాతి అంకం జన్యువులది. బ్యాక్టీరియా మందును ఎదిరించడానికి పలు ఉపాయాలున్నాయి. మందును కోసేసే ఎంజైము తయారుచేయడం, లోపలికి వచ్చిన మందును తోడి బయట పోయడం, మందు దూరే రంధ్రాలను మూసుకోవడం వాటిలో ముఖ్యమైనవి. మన దేశపు ఐసీయూల్లో క్లెబ్సియెల్లాకు బలం ఇస్తున్నవి ఎక్కువగా ఎన్‌డీఎమ్, ఓఎక్స్‌ఏ-48 తరహా ఎంజైములు, అసినెటోబాక్టర్‌కు ఓఎక్స్‌ఏ-23. ఢిల్లీలో వైద్యం చేయించుకుని వెళ్లిన ఒక స్వీడన్ పౌరుడి నమూనాలో 2008లో ఎన్‌డీఎమ్‌ను గుర్తించి, దానికి న్యూఢిల్లీ పేరు పెట్టడం మీద అప్పట్లో పెద్ద దుమారమే రేగింది. పేరు గొడవలో సారం మరుగున పడింది. ఆ జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద ఉంటుంది కాబట్టి క్లెబ్సియెల్లా నుంచి ఈకోలైకి, ఈకోలై నుంచి మరో జాతికి చేతులు మారగలదన్నదే ఆ సారం.

ఏ ఎంజైము అన్నది రోగి మంచం దగ్గర కూడా లెక్కలోకి వచ్చే ప్రశ్న. సెఫ్టాజిడైమ్-అవిబాక్టమ్ జోడీ మందు ఓఎక్స్‌ఏ-48 ఉన్నదానిపై పనిచేస్తుంది, ఎన్‌డీఎమ్ ఉన్నదానిపై పనిచేయదు. ఎన్‌డీఎమ్ కోయలేని మందు అజ్ట్రియోనామ్. దాన్ని కోసే వేరే ఎంజైములు కూడా అదే బ్యాక్టీరియాలో తరచు ఉంటాయి కాబట్టి, వాటిని అవిబాక్టమ్‌తో కట్టేసి అజ్ట్రియోనామ్‌ను కలిపి ఇస్తారు. రెండు ప్లేట్లూ 6 మిల్లీమీటర్లే చూపించినా, ఇద్దరు రోగులకు వైద్యం వేరు, ఖర్చూ వేరు. గుంటూరు ఐసీయూల్లో ఏ ఎంజైము ఎంత వంతు ఉందో తెలిస్తే, కల్చర్ రిపోర్టు రాకముందు గుడ్డిగా మొదలుపెట్టే తొలి మందు కొంతైనా కళ్లు తెరిచి ఎంచుకోవచ్చు. కోలిస్టిన్ విషయంలో బిళ్ల పరీక్ష అసలు నమ్మదగినది కాదు. ఆ మందు అగార్‌లో సరిగా పాకదు. ద్రవంలో పలచన చేసి చూసే పద్ధతే దానికి ప్రమాణం. బిళ్ల పరీక్షతో ‘కోలిస్టిన్ పనిచేస్తుంది’ అని రాసిన పాత రిపోర్టులను పట్టుకుని ఇప్పటి అంకెలతో పోల్చడంలో అర్థం లేదు.

బ్యాక్టీరియా జన్యుపటం పూర్తిగా చదివితే మరో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. నాలుగు, ఐదు, తొమ్మిది నంబర్ల మంచాల రోగుల్లో దొరికినవి ఒకే వంశానివా, లేక ఒకే ప్లాస్మిడ్‌ను పంచుకున్న వేర్వేరు వంశాలా అన్నది తేలుతుంది. మొదటిదైతే అది చేతుల ద్వారా, సక్షన్ గొట్టాల ద్వారా, మంచం పట్టీల ద్వారా పాకుతోందని అనుమానించాలి. అసినెటోబాక్టర్ పొడి ఉపరితలం మీద కూడా వారాల తరబడి బతుకుతుంది. రెండోదైతే యాంటీబయాటిక్ వాడకం తీరును, సింకు తూములను చూడాలి. అయితే జన్యుపటం చదవాలంటే బ్యాక్టీరియా దొరకాలి. 1946లో మొదలైన గుంటూరు వైద్య కళాశాల, 1980లో మొదలైన విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాల, 2018లో సిద్ధార్థ ఆవరణలోనే తొలి తరగతులు నడిపిన మంగళగిరి ఎయిమ్స్ 40 కిలోమీటర్ల లోపే ఉన్నాయి. మైక్రోబయాలజీ పీజీ విద్యార్థి ప్రతి ఒక్కరూ థీసిస్ రాయాల్సిందే. మెరోపెనెమ్ కుటుంబపు మందులైన కార్బాపెనెమ్‌లకు లొంగని బ్యాక్టీరియా వారికి ప్రియమైన అంశం. ఏడాదో ఏడాదిన్నరో నమూనాలు పోగుచేసి, శాతాలు కట్టి, థీసిస్ బైండింగుకు వెళ్లాక ఆ బ్యాక్టీరియా ఆవిరితో చంపేసే ఆటోక్లేవులోకి పోతే, తరువాతి విద్యార్థి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. బ్యాక్టీరియాను గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 70 డిగ్రీల కింద దాచే ఒక్క ఫ్రీజరు, కరెంటు పోతే ఆదుకునే జనరేటరు, ప్రతి సీసాకు రోగి చేరిన తేదీ, వార్డు, నమూనా తీసిన తేదీ రాసిన పుస్తకం ఉంటే పదేళ్ల థీసిస్‌లన్నీ కలిసి ఒకే పరిశోధన అవుతాయి.

చేతుల శుభ్రతపై పరిశోధనలో కూడా ఇక్కడి వాస్తవం పాఠ్యపుస్తకంలో ఇమడదు. చేతులు శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఐదు సందర్భాలు డాక్టరు, నర్సు చేతుల చుట్టూ అల్లినవి. మన జనరల్ వార్డులో రోగిని పక్కకు తిప్పేది, యూరిన్ సంచి ఒంపేది, తడిగుడ్డతో ఒళ్లు తుడిచేది చాలావరకు వెంట వచ్చిన అమ్మో, అన్నో. అదే చేత్తో పక్క మంచం పెద్దాయనకు మంచినీళ్లు పట్టిస్తారు, మానవత్వంతోనే. ఆ చేతులను లెక్కలోకి తీసుకోని అధ్యయనం సగం దారులను వదిలేసినట్టే. మరోవైపు, వ్యాప్తి అనుమానం ఏదీ లేకున్నా ఆపరేషన్ థియేటరు గోడలకు, నేలకు నెలనెలా స్వాబ్‌లు తీసే ఆనవాయితీ ఇంకా కొనసాగుతూనే ఉంది. దానివల్ల ఒరిగేది స్వల్పమని అంతర్జాతీయ మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. గోడకు పెట్టే ఆ ఖర్చు రోగి రక్తపు సీసాలకు పెడితే మేలు.

మొండి బ్యాక్టీరియా వల్ల ఎందరు చనిపోతున్నారన్న ప్రశ్నలో మరో జాగ్రత్త అవసరం. 2019లో ప్రపంచవ్యాప్తంగా 49.5 లక్షల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియాతో సంబంధం ఉందని, వాటిలో 12.7 లక్షలు నేరుగా ఆ మొండితనం వల్లే జరిగాయని 2022లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా చెప్పింది. రెండు అంకెల మధ్య తేడా పరిశోధకులకు ప్రాణం లాంటిది. మొదటిది మొండి ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయినవారి సంఖ్య. రెండోది, అదే ఇన్‌ఫెక్షన్ మందులకు లొంగేదై ఉంటే బతికేవారి సంఖ్య. ఒక ఐసీయూలో ఈ లెక్క వేసేటప్పుడు, ఎక్కువ రోజులున్నవారికే మొండి బ్యాక్టీరియా సోకుతుందని, సోకినవారే ఎక్కువ రోజులు ఉంటారని మరవకూడదు. ఇన్‌ఫెక్షన్ సోకిన రోగిని అతనితో సమానంగా అప్పటికే పది రోజులు గడిపిన, ఇన్‌ఫెక్షన్ లేని రోగితో పోల్చాలి. రెండో రోజునే కోలుకుని వెళ్లిపోయినవారితో పోలిస్తే నష్టం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

ఆస్పత్రి బయటి సంగతులకు ఇక్కడ చోటు తక్కువ. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం మూడో తరం సెఫలోస్పోరిన్లు, కార్బాపెనెమ్‌లు అమ్మిన షాపు డాక్టరు పేరు, రోగి పేరు రాసిన రిజిస్టరును మూడేళ్లు దాచాలి. 2019 జులైలో కోళ్లు, చేపల పెంపకంలో కోలిస్టిన్ వాడకాన్ని కేంద్రం నిషేధించింది. కొల్లేరు చుట్టూ చెరువులు, కృష్ణా జిల్లా కోళ్ల ఫారాలు ఉన్న చోట ఇవి చిన్న విషయాలేమీ కావు. అయితే షాపు రిజిస్టరును ఎవరైనా ఆస్పత్రి రిజిస్టరు పక్కన పెట్టి చదివితే తప్ప అది పరిశోధనకు ముడిసరుకు కాదు.

అన్నిటికంటే చవకైన ముడిసరుకు మరొకటి ఉంది. ఒక ఆస్పత్రి నుంచి మరొకదానికి పంపేటప్పుడు రోగి బంధువు చొక్కా జేబులో నాలుగు మడతలుగా వచ్చే చీటీ అది. దాని మీద తరచు ఉండేది రోగి పేరు, వయసు, జబ్బు పేరు, ‘రిఫర్డ్ టు హయ్యర్ సెంటర్’ అన్న మాట. దానికి నాలుగు వరుసలు చేర్చాలి: చేరిన తేదీ; సెంట్రల్ లైన్, వెంటిలేటర్ గొట్టం, యూరిన్ పైపు వేసిన తేదీలు; ఇచ్చిన యాంటీబయాటిక్‌ల పేర్లు, మొదలుపెట్టిన రోజు; పంపిన కల్చర్ ఏది, రిపోర్టు రాకపోతే ల్యాబు ఫోన్ నంబరు. ఆ నాలుగో వరుస ఉంటే, గుంటూరు ఐసీయూలో రాత్రి పదకొండింటికి రోగిని దించుకున్న డ్యూటీ డాక్టరు, మూడు రోజుల క్రితం నరసరావుపేటలో పెట్టిన ప్లేటు మీద మెరోపెనెమ్ బిళ్ల దగ్గర 6 వచ్చిందో 24 వచ్చిందో ఉదయం ల్యాబు తెరవగానే ఒక్క ఫోన్‌తో తెలుసుకోగలుగుతారు.